నరం మీద నరం ఎక్కలేదు, నరం నలిగింది: చీలమండ దగ్గర ఇరుక్కున్న నరానికి ఎక్సర్‌సైజులు

మన తెలుగులో నరం అనే మాటతో పెద్ద చిక్కుంది. చేతి మీద నీలంగా తేలి కనపడేదాన్నీ నరం అంటాం, మెడ తిప్పలేకపోతే నరం పట్టేసింది అంటాం, అర్ధరాత్రి పిక్క గుంజేసి అమ్మో అని లేచి కూర్చుంటే నరం మీద నరం ఎక్కింది అంటాం. మొదటిది రక్తనాళం, మిగతా రెండూ చాలావరకు కండరాల గొడవ, వెన్నుపాము నుంచి కరెంటు వైర్‌లా కాళ్ళలోకి దిగే అసలు నరం ఈ మూడింట్లోనూ లేదు. మామూలుగా అయితే ఈ తేడాతో మనకేం పనిలేదు, సెలైన్ పెట్టే నర్సమ్మ కూడా నరం దొరకట్లేదనే అంటుంది, ఎవరికీ నష్టం లేదు. కానీ చీలమండ లోపలి పక్కన ఒక చోటుంది చూడండి, అక్కడ రక్తనాళాలు, కండరాల చివర ఉండే తాళ్ళలాంటి టెండన్లు, అసలు నరం, మూడూ ఒకే పట్టీ కింద ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పాదంలోకి వెళ్తాయి, అక్కడ తేడా వచ్చినప్పుడు మాత్రం ఏ "నరానికి" ఏ ఎక్సర్‌సైజో తెలీకపోతే బాగుచేసుకోబోయి చెడగొట్టుకుంటాం. నేను చేసింది అదే.

నాది రోజుకి ఐదు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పే ఉద్యోగం. ఎడమ అరికాల్లో సాయంత్రం అయ్యేసరికి మంట, రాత్రి పడుకుంటే దుప్పటి తగిలినా చిరాకు, బొటనవేలు పక్కన చీమలు పాకుతున్నట్టు ఉండేది. మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రే తీసి మడమ ఎముక పెరిగింది అన్నారు, నొప్పి బిళ్ళలు, చెప్పుల్లో పెట్టుకునే సిలికాన్ ప్యాడ్ ఇచ్చారు. నేను ఊరుకోకుండా ఫోన్‌లో వీడియోలు చూసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన వాటర్ బాటిల్ అరికాలి కింద పెట్టి దొర్లించడం, తువ్వాలు వేళ్ళకి తగిలించి బలంగా లాగడం పొద్దునా సాయంత్రం చేశా. మూడు వారాలకి మంట తగ్గింది, ఎందుకు తగ్గిందంటే అరికాలు మొద్దుబారిపోయింది. అప్పుడు వెళ్ళా ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి. ఆ అమ్మాయి నేను చేస్తున్నదంతా విని, "సార్, మీరు కండరానికి చేసే పని నరానికి చేస్తున్నారు, నరాన్ని అలా లాగకూడదు" అంది.

ముందు ఆ చోటు ఎక్కడో వేలితో వెతుక్కోండి. చీలమండ లోపలి వైపు, అంటే రెండో కాలి వైపు, గుండ్రంగా పొడుచుకొచ్చిన ఎముక ఉంటుంది కదా, దాని వెనకా కిందా, మడమకీ దానికీ మధ్య ఒక పల్లం. మెల్లిగా నొక్కితే నాడి కొట్టుకోవడం కూడా తెలుస్తుంది. అదే టార్సల్ టన్నెల్, అంటే చీలమండ సొరంగం. ఒక పక్క గోడ ఎముక, పైకప్పు ఫ్లెక్సర్ రెటినాక్యులమ్ అనే గట్టి పట్టీ. లోపల ముందు నుంచి వెనక్కి వరసగా రెండు టెండన్లు, తర్వాత రక్తనాళాలు, తర్వాత టిబియల్ నరం, చివర్లో బొటనవేలిని వంచే టెండన్. ఎముకా సాగదు, పట్టీ కూడా పెద్దగా సాగదు, కాబట్టి లోపల ఏది కాస్త ఉబ్బినా నలిగేది మెత్తగా ఉన్న నరమే. మణికట్టు దగ్గర వచ్చే కార్పల్ టన్నెల్ చాలామంది విని ఉంటారు, ఇది దానికి కాలి వైపు తోబుట్టువు. టార్సల్ టన్నెల్ సిండ్రోమ్ అన్న పేరుతో దీన్ని 1962లో కెక్, లామ్ అనే ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారు విడివిడిగా రాశారు.

ఈ నరం ఆ సొరంగం దగ్గరే చీలుతుంది. ఒక కొమ్మ మడమకి, ఒకటి అరికాలి లోపలి భాగానికీ బొటనవేలు నుంచి నాలుగో వేలి సగం దాకా, ఇంకోటి బయటి భాగానికీ చిటికెనవేలికీ. అందుకే ఒకరికి మడమ, ఒకరికి వేళ్ళు, ఒకరికి మొత్తం అరికాలు. పాదం పైభాగం మాత్రం దీని కిందికి రాదు. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య సందులో పైన మొద్దుబారితే అది చీలమండ ముందు నుంచి దిగే ఇంకో నరం, లేసులు బిగించి కట్టే బూట్లు వేసేవాళ్ళకీ, గంటలకొద్దీ పాదం పైభాగం నేలకి నొక్కిపెట్టి కూర్చునేవాళ్ళకీ అది నలుగుతుంది, దానికి లేసు ఒక కన్నం వదిలేసి కట్టడం, కూర్చునే తీరు మార్చడం కన్నా ముందు చేయాల్సిన ఎక్సర్‌సైజు ఏదీ లేదు.

నలగడానికి కారణాలు చాలానే ఉన్నాయి. చదునైన పాదం ఉన్నవాళ్ళకి నిలబడినప్పుడు మడమ బయటికి వాలి ఆ పట్టీ బిగుసుకుంటుంది. ఎప్పుడో బెణికి సరిగ్గా మానని చీలమండ, అక్కడే ఉబ్బిన వెరికోస్ వెయిన్స్, గాంగ్లియన్ అనే నీటి బుడగలాంటి గడ్డ, గర్భంతో ఉన్నప్పుడు వచ్చే కాళ్ళ వాపు, థైరాయిడ్ తక్కువవడం, కీళ్ళవాతం, ఇవన్నీ. షుగర్ ఉన్నవాళ్ళ నరం ముందే బలహీనంగా ఉంటుంది కాబట్టి మామూలు మనిషి తట్టుకునే ఒత్తిడి కూడా తట్టుకోలేదు.

ఎక్సర్‌సైజుల్లోకి వెళ్ళే ముందు అసలు ఇదేనా కాదా అన్నది తేలాలి, ఎందుకంటే అరికాలి మంట అనగానే మన దగ్గర మూడు నాలుగు జబ్బులు వరసకట్టి నిలబడతాయి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుండి నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంటే అది ఎక్కువగా ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా ఉండే గట్టి పొర నొప్పి. నరం నలిగితే దీనికి రివర్స్‌లో ఉంటుంది, నిలబడేకొద్దీ నడిచేకొద్దీ పెరుగుతుంది, రాత్రి కూడా వదలదు, మంట, తిమ్మిరి, షాక్ కొట్టినట్టు ఉండడం దాని భాష. రెండు కాళ్ళకీ ఒకేలా సాక్సు తొడుక్కున్నట్టు వేళ్ళ నుంచి పైకి పాకుతుంటే షుగర్, విటమిన్ బి12 చూపించుకోవాలి. నడుము నుంచి తొడ వెనకగా దిగితే నడుం దగ్గర చూడాలి. ఇంకోటి, ఎవరూ పైకి అనడానికి ఇష్టపడరు గానీ అనాల్సిందే: కుష్టు వ్యాధి ఎక్కువగా పట్టే నరాల్లో చీలమండ వెనకున్న ఈ టిబియల్ నరం ఒకటి. దేశస్థాయిలో ప్రజారోగ్య సమస్యగా కుష్టుని నిర్మూలించామని ప్రకటించింది 2005 చివర్లో, అయినా కొత్త కేసులు ఆగిపోలేదు. అరికాలు మొద్దుబారడంతో పాటు ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే సిగ్గుపడకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి, మందులు ఉచితం, జబ్బు పూర్తిగా నయమవుతుంది, కానీ లేటయితే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

డాక్టరు లేదా ఫిజియో చేసే పరీక్ష సింపుల్‌గానే ఉంటుంది. ఆ పల్లంలో వేలితో తట్టి చూస్తారు, తట్టగానే అరికాల్లోకి జివ్వున పాకితే టినెల్ సైన్ ఉన్నట్టు. మొదటి ప్రపంచ యుద్ధంలో నరాలు తెగిన సైనికులకి వైద్యం చేసిన ఫ్రెంచి డాక్టరు జూల్ టినెల్ 1915లో దీని గురించి రాశాడు, అందుకే ఆ పేరు. ఇంకోటి పాదాన్ని పైకెత్తి, బయటి వైపు తిప్పి, వేళ్ళు పైకి వంచి ఐదు పది సెకన్లు పట్టుకుంటారు, మంట మొదలైతే ఆధారం దొరికినట్టే. నరంలో కరెంటు ఎలా పారుతోందో కొలిచే నర్వ్ కండక్షన్ టెస్ట్ నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు, తొలిదశలో తప్పిపోవచ్చు. గడ్డేమైనా నొక్కుతోందా అన్నది అల్ట్రాసౌండ్‌లోనో ఎంఆర్‌ఐలోనో తెలుస్తుంది.

ఇప్పుడు పాదం తిప్పి చేసే ఆ పరీక్ష మళ్ళీ ఒకసారి చూడండి. పాదం పైకి, బయటికి, వేళ్ళు పైకి. నేను తువ్వాలు కట్టి రోజూ లాగింది దాదాపు అదే పొజిషన్! అంటే జబ్బుందో లేదో తెలుసుకోడానికి పది సెకన్లు నరాన్ని ఇబ్బంది పెట్టే పరీక్షని నేను వైద్యం అనుకొని రోజుకి రెండుసార్లు, ముప్పై సెకన్ల లెక్కన చేశా.

కండరాన్ని సాగదీస్తే హాయిగా ఉంటుంది, నరాన్ని సాగదీస్తే ఎందుకు కాదు అంటే, నరానికి సొంత రక్తనాళాలుంటాయి, వెంట్రుక కన్నా సన్నగా. స్వీడన్‌లో లుండ్‌బోర్గ్, రిడెవిక్ అనే ఇద్దరు 1973లో కుందేలు కాల్లో ఇదే టిబియల్ నరాన్ని కొంచెం కొంచెంగా సాగదీసి చూశారు. ఉన్న పొడవు మీద 8 శాతం దగ్గర సాగగానే నరంలోంచి రక్తం బయటికి వెళ్ళడం మందగించింది, 15 శాతం దగ్గరికొచ్చేసరికి ప్రవాహం మొత్తం ఆగిపోయింది. మనిషి కాలు కుందేలు కాలు కాదు, నిజమే, ఆ అంకెలు పట్టుకొని స్కేలుతో కొలుచుకోనక్కర్లేదు, కానీ విషయం అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న నరం మనం నడిచేటప్పుడు సాగడం కన్నా ఎక్కువగా జారుతుంది, చీరకట్టులో కొంగు జారినట్టు కాదు, పైజామాలో బొందు అటూ ఇటూ జారుతుంది చూడండి, అలా. ఒక చోట కుట్టులో బొందు ఇరుక్కుంటే ఏం చేస్తాం? ఒక కొస పట్టుకొని బలంగా గుంజితే ముడి ఇంకా బిగుస్తుంది. కొంచెం ఇటు, కొంచెం అటు ఆడిస్తాం. నర్వ్ గ్లైడింగ్, స్లైడర్ అని ఫిజియోలు అనేది ఈ ఆడించడాన్నే.

నాకు నేర్పినవి ఇవి. కుర్చీలో కాదు, కాళ్ళు నేలకి తగలనంత ఎత్తున్న మంచం అంచున కూర్చోవాలి. నడుం కాస్త వదిలేసి కూర్చోండి, చేతులు వెనక. ఇప్పుడు మోకాలు మెల్లిగా చాపుతూ పాదాన్ని పైకెత్తాలి, సరిగ్గా అదే టైమ్‌కి తల కూడా పైకెత్తి సీలింగ్ ఫ్యాన్ వైపు చూడాలి. తర్వాత మోకాలు వంచుతూ పాదం కిందికి వదిలేస్తూ తల కిందికి దించి గడ్డం ఛాతీకి దగ్గరగా తేవాలి. కింద కొసని లాగుతున్నప్పుడు పై కొసని వదులుతున్నాం, పై కొసని లాగేటప్పుడు కింద వదులుతున్నాం, నరం మొత్తం మీద బిగువు పెరగకుండా అటూ ఇటూ జారుతుంది, కిటుకంతా ఇదే. పొరపాటున కాలు చాపుతూ తల దించారనుకోండి, రెండు కొసలూ ఒకేసారి లాగినట్టు, దాన్ని టెన్షనర్ అంటారు, అది చివరి దశలో ఫిజియో చెప్తే చేసేది, మనంతట మనం మొదలుపెట్టేది కాదు. తల పైకెత్తితే కళ్ళు తిరిగేవాళ్ళు, మెడ సమస్య ఉన్నవాళ్ళు రెండోది చేసుకోవచ్చు. వెల్లకిలా పడుకొని తొడని వెనక నుంచి రెండు చేతులతో పట్టుకొని, మోకాలు చాపుతున్నప్పుడు పాదం కిందికి వంచాలి, మోకాలు మడుస్తున్నప్పుడు పాదం పైకెత్తాలి. మొదట్లో చెయ్యీ కాలూ ఒక మాట వినవు, డాన్స్ రాని పెళ్ళికొడుకులా ఉంటుంది, రెండు రోజులకి అలవాటవుతుంది.

ఎన్నిసార్లు అంటే పది, రోజుకి రెండు మూడు పూటలు. చివర్లో ఆపి పట్టుకోవడాలు లేవు, ఊపులా వెళ్ళి రావడమే. చేస్తున్నప్పుడు కొంచెం లాగినట్టు, చిన్న తిమ్మిరి తెలిస్తే పర్లేదు, ఆపిన కాసేపట్లో పోవాలి. సాయంత్రం చేసింది రాత్రి నిద్ర పాడుచేసినా, మర్నాడు మొద్దు పెరిగినా మీరు ఎక్కువ చేశారని అర్థం, సంఖ్య సగం చేయండి, కాలు చాపే దూరం తగ్గించండి. నొప్పి ఉంటేనే పనిచేస్తున్నట్టు అనే జిమ్ లెక్క ఇక్కడ పూర్తిగా తప్పు.

దీనికి ఆధారాలేమైనా ఉన్నాయా అంటే ఉన్నాయి గానీ కొండంత లేవు. టర్కీలో 28 మంది పేషెంట్లతో చేసిన పరిశోధన 2011లో అచ్చయింది. మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళూ, దానికి తోడు నరాల ఎక్సర్‌సైజు చేసినవాళ్ళూ, ఇద్దరికీ నొప్పి తగ్గింది, బలం పెరిగింది. స్పర్శ, తట్టినప్పుడు వచ్చే జివ్వు లాంటి వాటిలో మాత్రం నరాల ఎక్సర్‌సైజు చేసినవాళ్ళు మెరుగ్గా ఉన్నారు. 28 మంది అంటే మా క్లాసులో సగం కూడా లేరు, కాబట్టి ఇదే మంత్రదండం అని ఎవరైనా అమ్మితే నమ్మొద్దు, తేలికపాటిది, ఖర్చు లేనిది, జాగ్రత్తగా చేస్తే ప్రమాదం తక్కువ, అంతవరకే.

ఇక రెండో రకం నరాలు, అంటే రక్తనాళాలు. సొరంగంలో చోటు తక్కువ కాబట్టి అక్కడ వాపు దిగడం అంటే నరానికి గాలాడడమే. సాయంత్రం పడుకొని కాలి కింద రెండు దిండ్లు పెట్టి, మడమ గుండె కన్నా ఎత్తులో ఉండేలా చూసుకొని, పాదం పైకీ కిందికీ పంపు కొట్టినట్టు ఇరవై ముప్పై సార్లు ఆడించాలి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా రక్తాన్ని పైకి తోస్తుంది. కాలితో గాల్లో ఏబీసీడీలు రాయమని కూడా చెప్తారు, నేనైతే అ ఆ ఇ ఈ లు రాస్తా, మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది, ఇంగ్లీషు వాళ్ళ గీతల కన్నా మనవే ఫిజియోకి పనికొచ్చేలా ఉన్నాయని నా నమ్మకం. ఒకటే జాగ్రత్త, మొదట్లో చిన్నక్షరాలే రాయాలి. పాదం పూర్తిగా బయటికి గానీ లోపలికి గానీ తిప్పేస్తే ఆ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది, తిన్నగా ఉంచినప్పుడే అన్నిటికన్నా తక్కువ. ఇక ఒక్క కాలి పిక్కే సడన్‌గా వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే పంపులూ వద్దు మసాజులూ వద్దు, సిరలో రక్తం గడ్డ కట్టిందేమో చూపించుకోవాలి.

మూడోది టెండన్లు, కండరాలు, ఇక్కడే బలం పనికొస్తుంది. సొరంగంలో ముందున్న టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్ పాదం వంపుని పైకి పట్టుకునే తాడు. అది సడలితే వంపు కూలుతుంది, మడమ బయటికి వాలుతుంది, పట్టీ బిగుస్తుంది, నరం నలుగుతుంది, మళ్ళీ మొదటికి. దీనికి థెరాబ్యాండ్ అనే సాగే రబ్బరు పట్టీని మంచం కోడుకి కట్టి, ఇంకో కొస పాదానికి తగిలించి, కుర్చీలో కూర్చొని మోకాలు కదలకుండా పాదాన్ని మాత్రం లోపలి వైపు లాగి మెల్లిగా వదలాలి, పదేసి చొప్పున రెండు మూడు సెట్లు. బ్యాండ్ లేకపోతే సైకిల్ ట్యూబ్ ముక్క చాలు. రెండోది గోడ పట్టుకొని నిలబడి, రెండు మడమల మధ్య టెన్నిస్ బంతి నొక్కి పట్టుకొని మునివేళ్ళ మీద లేవడం, బంతి వల్ల మడమలు బయటికి వాలవు. మూడోది చూస్తే ఏమీ చేయనట్టే ఉంటుంది, పాదం నేల మీద ఆనించి, వేళ్ళు ముడవకుండా, బొటనవేలి మొదలుని మడమ వైపు జరపబోయినట్టు బిగించాలి, వంపు కొంచెం లేస్తుంది, ఐదు సెకన్లు పట్టి వదలాలి. నాకు ఇది రావడానికి పది రోజులు పట్టింది, పాదం అరికాల్లో మనం వాడని కండరాలు ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది, వాటిలో చాలావాటికి కరెంటు ఇచ్చేది కూడా ఈ నలిగిన నరమే.

పిక్క బిగుసుకుపోయిన వాళ్ళకి పిక్క స్ట్రెచ్ అవసరమే, గోడకి చేతులాన్చి కాలు వెనక్కి పెట్టి చేసేది. కానీ పాదం బయటికి తిరక్కుండా వేళ్ళు తిన్నగా ముందుకి చూడాలి, వంపు కింద చిన్న గుడ్డ మడత పెట్టుకుంటే ఇంకా మంచిది. సాగింది పిక్కలో తెలియాలి. అరికాల్లో జివ్వుమందంటే మీరు కండరాన్ని వదిలి నరాన్ని పట్టుకున్నారు, మోకాలు కొంచెం వంచి చేయండి, అప్పుడు నరానికి కాస్త వదులు దొరుకుతుంది.

ఎక్సర్‌సైజు పావుగంట, మిగతా రోజంతా మనం కాలితో ఏం చేస్తున్నామన్నది అంతకన్నా పెద్ద లెక్క. మన ఇళ్ళల్లో నాపరాయి, టైల్స్, గ్రానైట్ మీద ఒట్టి కాళ్ళతో పొద్దుటి నుంచి వంటింట్లో నిలబడే ఆడవాళ్ళకి ఎన్ని స్లైడర్లు చెప్పినా అంతంతమాత్రమే, వంపుకి ఆసరా ఉన్న చెప్పులు ఒక జత ఇంట్లోకని విడిగా పెట్టుకోవాలి, మా అమ్మని ఒప్పించడానికి నాకు నెల పట్టింది. చదునైన పాదానికి ఇన్‌సోల్ పెట్టుకుంటే వంపు ఎత్తు మరీ ఎక్కువ ఉండకూడదు, ఆ ఎత్తే నరాన్ని నొక్కే ప్రమాదం ఉంది. వేడినీళ్ళలో ఉప్పేసి కాళ్ళు పెట్టడం మనకి ఇష్టమైన వైద్యం, మొద్దుబారిన కాలికి మాత్రం అది డేంజర్, చర్మం బొబ్బలెక్కేదాకా తెలీదు, షుగర్ ఉంటే ఆ బొబ్బ పుండై ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పలేం. ఐస్ బాటిల్‌కీ అదే మాట. నూనె రాయించుకుంటే పిక్కకి రాయించుకోండి, చీలమండ వెనక పల్లంలో బొటనవేలితో నలిపించుకోవద్దు.

ఎన్నాళ్ళకి తగ్గుతుంది అంటే, చికాకుపడ్డ నరం అయితే ఆరు నుంచి పన్నెండు వారాల్లో తేడా తెలియాలి, ముందు రాత్రి మంట తగ్గుతుంది, మొద్దు చివర్లో పోతుంది. లోపలి తీగలు దెబ్బతిని మళ్ళీ పెరగాల్సి వస్తే వేగం రోజుకి సుమారు 1 మిల్లీమీటర్. చీలమండ నుంచి బొటనవేలి కొస దాకా కొలుచుకోండి, నెలల లెక్క అని మీకే తెలుస్తుంది. మధ్యలో మంట భరించలేకపోతే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ లాంటివి రాస్తారు, మందుల షాపులో అడిగి కొనుక్కునేవి కావు, మగత వస్తుంది.

మొద్దు రోజురోజుకీ పెరుగుతున్నా, వేళ్ళు విడదీయడం చేతకాకపోయినా, అరికాలి కండ కరిగినట్టు కనిపించినా, స్కాన్‌లో గడ్డ కనపడినా ఎక్సర్‌సైజులతో కాలయాపన చేయకూడదు. నడుం నొప్పితో పాటు మలమూత్రాల మీద పట్టు పోతే అది ఇంకా పెద్ద ఎమర్జెన్సీ, ఆ రోజే వెళ్ళాలి. చీలమండ ఆపరేషన్‌లో చేసేది ఆ పట్టీని కోసి సొరంగం తెరవడమే, గడ్డలాంటి స్పష్టమైన కారణం దొరికినవాళ్ళకి ఫలితం బాగుంటుంది, కారణం దొరకనివాళ్ళకి అంత గ్యారంటీ లేదు. ఆపరేషన్ తర్వాత కూడా ఫిజియో తప్పదు, సర్జన్ సరే అన్నాక మళ్ళీ ఇవే స్లైడర్లు మొదలుపెట్టిస్తారు, మానుతున్న గాయం నరాన్ని పక్కనున్న కండకి అతికించేయకుండా.